గుర్రంకొండ దారిలో ఎడమ మర

రాయచోటి నుండి చిన్నమండెము మీదుగా మదనపల్లె వైపు వచ్చువారికి దూరమునుండియే గోచరించు గుర్రంకొండ దుర్గము, 1791లో మూడవ మైసూరు యుద్ధమున నిజాము సేనలును, వానికి తోడుగా వచ్చిన ఇంగ్లీషువారి ఫిరంగులును చుట్టుముట్టినప్పుడు, దిగువకోటను కోల్పోయియు కొండమీది కోటను విడువక నిలిచినది. శ్రీరంగపట్టణము కూలిన పిమ్మట 1799లో నిజాముపాలై, మరుసటి యేడు దత్తమండలములతోపాటు కుంఫిణీవారి చేతికి వచ్చినది. ఇది పలువురు చెప్పిన కథయే. ఎడ్లు ఫిరంగులను లాగిన ఆ సీమలోనే నేడు లారీలు టొమాటో పెట్టెలు నింపుకొని చెన్నపట్టణమునకును, ఉత్తరదేశ నగరములకును పరుగులిడుచున్నవి. ఎండకు తాళని ఆ పంటను గడువులోపల చేర్చు భారము డీజిలు ఇంజనుపైనను, ఆ ఇంజను కాగిపోకుండ కాపాడు భారము దాని ముందరి ఫ్యానుపైనను ఉన్నది. ఫ్యానును పట్టియుంచునది ఒక్క నట్టు. దుర్గచరిత్రను విన్నంత శ్రద్ధతోనే దాని చరిత్రయు వినదగినదని నా విశ్వాసము.

రుడాల్ఫ్ డీజిలు 1897లో జర్మనీయందలి ఆగ్స్‌బర్గు నగరమున తన యంత్రమును పరీక్షకు నిలిపినప్పుడు, ఇంధనము నందలి ఉష్ణములో నాలుగవవంతునకు కొంచెము మించినంత మాత్రమే పనిగా మారెను; నాటి ఆవిరియంత్రములతో పోల్చిన అది మహావిజయమే. తక్కిన వేడిలో కొంత పొగవెంట పోవును, కొంత సిలిండరు గోడలకు పట్టును. ఆ గోడలనుండి దానిని నీరు మోసికొని రేడియేటరునకు చేర్చగా, ఫ్యాను గాలిని పీల్చి చల్లార్చవలెను. చదునుబాటపై వేగముగా పోవునప్పుడు ఎదురుగాలియే కొంత సాయపడునుగాని, నిండుబరువుతో కనుమ నెక్కునప్పుడు ఇంజను మిక్కిలి శ్రమించును, బండి మిక్కిలి మెల్లగా కదలును. అచట ఫ్యానే దిక్కు.

మన దేశమున ఈ డీజిలు లారీల విద్య రెండు కొలతలతో కాలుమోపినది. 1948లో స్థాపితమైన అశోక్ మోటార్సు ఎన్నూరులో లేలండు లారీలను కూర్చి, 1955లో అశోక్ లేలండుగా పేరు మార్చుకొనగా, జంషెడ్‌పూరులో టాటావారు 1954 నుండి బెంజివారి సహకారముతో లారీలు నిర్మించిరి. ఒకటి అంగుళముల లెక్క, రెండవది మిల్లీమీటర్ల లెక్క. నట్టు, బోల్టుల మరలకు ఒక ప్రమాణ ముండవలెనని జోసెఫ్ విట్‌వర్తు 1841లోనే ప్రతిపాదించియుండెను. అయినను ఒక్కొక్క దేశము తన ప్రమాణమును తాను పెంచుకొనుటచే, రెండు విధముల బండ్లను బాగుచేయు షెడ్డునకు రెండు జతల పానాలు అవసరమయ్యెను. సరిపడని పానాతో మూలలు అరిగిన నట్టు ఎంతటి మేస్త్రీనైనను ఏడిపించును.

పాత ఇంజన్లలో ఫ్యానును నాలుగైదు చిన్న బోల్టులతో పుల్లీకి బిగించెడివారు. తరువాత సిలికాను ద్రవముతో నిండిన క్లచ్చు వచ్చినది. రేడియేటరునుండి వచ్చు గాలి వేడెక్కిన కొలది అది ఫ్యానును గట్టిగా పట్టుకొనును, చల్లారగానే సడలించి డీజిలును ఆదా చేయును. ఈ క్లచ్చును పెక్కు ఇంజన్లలో ఒకే పెద్ద నట్టుతో నీటిపంపు ఇరుసునకు తగిలింతురు. పంపు కారినప్పుడు దానిని ఊడదీయక తప్పదు, చిక్కంతయు అచటనే.

ఎదుటనుండి చూచిన, సాధారణముగా ఇంజను ప్రదక్షిణముగా తిరుగును. పుల్లీయు ఆ దిక్కుననే తిరుగుచుండగా, గాలిని కోయు ఫ్యాను వెనుకకు లాగుచుండును. ఆ లాగుడునకు నట్టు అప్రదక్షిణముగా మెదలజూచును. కుడి మర అయినచో అది క్రమముగా సడలి, ఫ్యాను ఊడి రేడియేటరును చీల్చివేయును. కావుననే ఎడమ మర కోసిరి. బెల్టు వెనుక వైపుతో పంపును తిప్పు ఇంజన్లలో ఇరుసు ఎదురుదిక్కున తిరుగును గనుక, అందు కుడి మరయే ఉండును. ఏ మర అయినను ఫ్యాను ఏ దిక్కునకు తిరుగునో ఆ దిక్కునకే నట్టు ఊడును. పాత బ్రిటిషు లారీల ఎడమచక్రములకు ఎడమ మర నట్లు పెట్టుటయు ఇట్టి సడలుబాటు భయముతోనే. ఫ్యాను నట్టు ఊడు దిక్కు తెలియక, అలవాటు చొప్పున ఎదురుదిక్కునకు బలమంతయు ప్రయోగించువాడు నట్టును మఱింత బిగించుచున్నాడు.

దిక్కు తెలిసినంత మాత్రమున పని ముగియదు. పానాను మెల్లగా త్రోసినచో నట్టుతోపాటు పుల్లీయు తిరిగిపోవును. బెల్టును ముందే తీసివేయుట పెద్ద పొరపాటు; బిగువుగా నున్న బెల్టే పుల్లీని కొంతవరకు పట్టియుంచును. చాలనిచో పుల్లీ బోల్టులకు ఒక ఇనుపపట్టీని ఆనించి నిలుపవలెను. అటుపిమ్మట పానా చివర సుత్తితో ఒక్క చురుకైన దెబ్బ కొట్టవలెను: నిశ్చలముగా నున్న వస్తువు నిశ్చలముగానే ఉండజూచునని 1687లో న్యూటను ప్రకటించిన నియమము చొప్పున, పుల్లీ కదలుటకు ముందే నట్టు కదలును. రేడియేటరు పలుచని రేకులకు దెబ్బ తగులకుండ నడుమ ఒక అట్టను నిలుపుట మరువరాదు. తుప్పు పట్టినచో చొచ్చుకొనిపోవు నూనెను ముందునాడే పోసియుంచుట మేలు. మంటతో కాల్చుటను నేను సమ్మతింపను, ఏలయన పంపు సీలును, క్లచ్చులోని ద్రవమును ఆ వేడికి చెడును.

ఊడిన క్లచ్చును నేలపై పరుండబెట్టక, బండిలో ఉన్నట్లే నిలువుగా ఆనించి ఉంచవలెను. లేనిచో ద్రవము కారిపోవచ్చును. తిరిగి పెట్టునప్పుడు మరను తుడిచి, చేతితో ఎక్కించి, చెప్పిన కొలతకు బిగించిన చాలును. చెన్నపట్టణమున సరకు దించి, చిత్తూరు మీదుగా మరలివచ్చు ఆ లారీ మొగిలి కనుమ నెక్కి పలమనేరు చేరునప్పటికి, మిగిలిన బిగువును ఇంజనే సమకూర్చియుండును.