శిఖం, మత్తడి, సర్వేయరు: వరంగల్ ముంపు వివాదాల పూర్వరంగం

వరంగల్ పాత పేటలలో మట్టెవాడ ఒకటి. ఓరుగల్లు కోటకూ హన్మకొండకూ నడుమ, కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగిన నగరభాగమిది. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ నగరంలోని అనేక కాలనీలు నీట మునిగాయి. 2023 జులై 29న భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. నీరు తీసిన తరువాత మిగిలే వివాదం ఒక్కటే: చెరువు ఇంటి మీదికి వచ్చిందా, ఇల్లే చెరువులో వెలసిందా? దీనిని తేల్చమని సర్వేయరును పిలుస్తారు. అతని చేతిలోని పాత రికార్డు ఈ ప్రశ్న కోసం పుట్టినది కాదన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో హైదరాబాదు రాజ్యపు భూమి కొలత బొంబాయి పద్ధతిని అనుసరించింది. 33 అడుగుల గొలుసు, అందులో 16 అణాలు. గొలుసు చదరమైతే గుంట, 40 గుంటలు ఎకరం. ఠిప్పన్‌లో హద్దుల కొలతలు, సేత్వార్‌లో విస్తీర్ణం, శిస్తు నమోదయ్యాయి. శిస్తు కట్టించడానికి ఇంతకు మించి అవసరం లేదు. నేల ఎంత ఎత్తున ఉందో గొలుసు చెప్పదు, ఎవరూ అడగలేదు.

చెరువు గర్భాన్ని ఆ రికార్డులు ‘శిఖం’ అన్నాయి. ఫారసీలో ‘షికమ్’ అంటే కడుపు. తెలుగులో ఖకారం చేరడంతో ఆ మాట శిఖను తలపిస్తూ, అసలు అర్థానికి ఎదురుగా నిలిచింది. నిఘంటుకారులు పట్టించుకోవలసిన విషయమిది. నీరు తగ్గినప్పుడు సాగుచేసుకునే శిఖం పట్టాలు ఉండడం వల్ల, చెరువు కడుపులోనే ఒకరికి హక్కు, మరొకరికి నీటి నిల్వ అనే ద్వంద్వం మొదటినుంచీ ఉన్నది. వ్యవసాయంలో అది కాలభేదంతో ఇమిడిపోయింది. ఇల్లు కట్టినప్పుడు ఇమడలేదు.

ఎత్తును దాచినది కాగితం కాదు, మత్తడి. చెరువు నిండి మత్తడి దుంకే రాతి అంచే పూర్తి నీటిమట్టం. ఇది నీటిపారుదల శాఖ కొలత. విస్తీర్ణం రెవెన్యూ శాఖ కొలత. రెండింటి గీతలూ ఒకదానిమీద ఒకటి పడవలసిన నియమం లేదు. వాటి నడుమ మిగిలిన స్థలంలో పట్టా ఉన్నా ముంపు తప్పదు. మత్తడిని తగ్గించమని ఇళ్లవారు, నిలపమని ఆయకట్టుదారులు కోరడంలోని పోరు నిజానికి ఈ గీత జరుపుకోవడానికే.

బీమా రంగం మరో సర్వేయరును తెచ్చింది. 1938 బీమా చట్టం కింద లైసెన్సు పొందిన ఇతను భూమిని కాదు, నష్టాన్ని అంచనా వేస్తాడు. 2021 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ వరద నష్టాన్ని భరిస్తుంది. ఇంటికి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియానూ నిర్మాణ వ్యయాన్నీ బట్టి లెక్కిస్తుంది. ఇక్కడా విస్తీర్ణమే! అమెరికాలో 1968 నాటి జాతీయ వరద బీమా పథకం కింద ఇంటి అంతస్తు మట్టాన్ని భూమి సర్వేయరే ధ్రువీకరించే పద్ధతి ఏర్పడింది. మన దగ్గర ఆ ఇద్దరు సర్వేయర్లూ ఒకరి కాగితం ఒకరు చూడరు. నష్ట సర్వేయరు నివేదిక తుది మాట కాదని 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. కాని దానిని ప్రశ్నించదలచిన గృహస్థుకు మట్టం తెలిపే పత్రం ఏదీ చేతిలో ఉండదు. ఠిప్పన్ నకలు తెచ్చుకున్నా అందులో అణాలే కనిపిస్తాయి.