పులి మార్కు డబ్బా

ఆగరా, ఆగు! ఆ అట్టపెట్టె మంటలో వెయ్యకు. భోగి మంటలో పాతవి వెయ్యాలని నీకు చెప్పింది నేనే, కాదనను. విరిగిన చేట వెయ్యి, అరిగిన చీపురు వెయ్యి, చిరిగిన చాప వెయ్యి. పెరట్లో చెదపట్టిన కిటికీ రెక్క ఉంది, కావాలంటే అదీ తెచ్చి వెయ్యి. ఇది మాత్రం ఇలా నా దగ్గర పెట్టు. మీ అమ్మ అటక దులుపుతూ తీసిందా? పాపం, తనకేం తెలుసు! నేను దాన్ని అక్కడ పెట్టి నలభై ఏళ్లు దాటింది.

పిడకల దండలు వేసేశారుగా, ఇక ఇలా వచ్చి కూర్చోండి. అమ్మడూ, నువ్వు కాస్త వెనక్కి జరుగు, పరికిణీ మీద నిప్పురవ్వ పడుతుంది. తెల్లారడానికి ఇంకా గంట పైనే ఉంది. ఈ పెట్టెలో ఏముందో చూద్దాం.

ఇదిగో, ఈ పుస్తకం విప్పు. మెల్లిగా, కాగితం పొడి అవుతుంది. ఇవన్నీ అగ్గిపెట్టెల మీది బొమ్మలు. అప్పట్లో అగ్గిపెట్టె అంటే అట్ట కాదు, పల్చటి చెక్క. పైన బొమ్మ కాగితం అంటించి ఉండేది. పెట్టె ఖాళీ అవగానే నీళ్లలో నానేసి, కాగితం చిరక్కుండా ఒలిచి, పలక మీద ఆరబెట్టేవాళ్లం. ఏనుగు, ఓడ, చిలక, గుర్రం, తాళంచెవి. ఈ ఎరుపు చూశారా, డెబ్బై ఏళ్లయినా వెలవలేదు. వేలితో రాసి చూడండి, కాస్త గరుగ్గా తగుల్తుంది.

మా నాన్నకు తెనాలి దగ్గర పల్లెలో కిరాణా కొట్టు ఉండేది. మీ నాన్న పుట్టేసరికే ఎత్తేశాం, వాడూ చూడలేదు. నేను బడి నుంచి రాగానే పలకా సంచీ ఓ మూల పడేసి గల్లాపెట్టె పక్కన చేరేవాణ్ణి. ఆ కొట్లో నేను మొదట నేర్చుకున్నవి లెక్కలు కావు, మార్కులు. మీ పరీక్షల మార్కులు కావర్రా. సరుకు మీద ఉండే బొమ్మని మార్కు అనేవాళ్లం. వచ్చేవాళ్లలో కంపెనీ పేరు చెప్పి అడిగేవాళ్లు ఎంతమంది? "చెట్టు డబ్బా ఉందా అబ్బాయ్?" అంటే డాల్డా. "ఓడ పెట్టె ఇయ్యి" అంటే ఒక అగ్గిపెట్టె, "చిలక పెట్టె" అంటే ఇంకో అగ్గిపెట్టె. మాట తడబడితే వేలు పెట్టి చూపించేవాళ్లు.

ఎందుకంటే చదువు లేదు. 1951 జనాభా లెక్కలు తీస్తే దేశం మొత్తం మీద చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి పద్దెనిమిది మంది. ఆడవాళ్లలో అయితే తొమ్మిది మంది కూడా లేరు. మా అమ్మ, అంటే మీ తాతమ్మ, ఆ తొమ్మిది మందిలో లేదు. కొట్టువాడి పెళ్లాం అయ్యుండీ డబ్బా మీది అక్షరం కూడబలుక్కోలేకపోయేది. బొమ్మ మాత్రం చీకట్లో చూపించినా పోల్చుకునేది.

ఇప్పుడు పట్నంలో పెద్ద పెద్ద హోటళ్లలో పాత రేకు బోర్డులు వేలకు వేలు పోసి కొని గోడలకు తగిలిస్తున్నారట. మీ బాబాయి ఫోటో పంపాడు. పాత ప్రకటనలంటే ఇప్పటివాళ్లకి ఎందుకంత మోజు తాతయ్యా అని మొన్న నువ్వే అడిగావు. నాకు తోచింది చెబుతాను. ఆ బొమ్మలు మా అమ్మలాంటి మనిషి కోసం గీసినవి. ఆవిడ ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోకూడదు. అందుకే గీత అంత తేటగా, రంగు అంత నిండుగా ఉండేవి. ఏడాదికోసారి మారిస్తే ఆవిడ పోల్చుకోలేదు, అందుకని కంపెనీవాడు మార్చడానికి భయపడేవాడు. చదువు రాని మనిషిని గౌరవించి గీసిన బొమ్మరా అది. ఇప్పటి ప్రకటన మన కళ్ల ముందు నుంచి పరిగెత్తుకుపోతుంది. అప్పటిది వచ్చి ఇంట్లో కూర్చునేది, చుట్టంలాగా.

ఆ బొమ్మని వాళ్లు ఎంత బాగా చదివేవాళ్లో ఒకటి చెబుతాను. చెరువుగట్టు మీద ఒక మామ్మ ఉండేది. వాళ్ల మనవడికి దగ్గుమందు మా కొట్లోనే కొనేది. సీసా మీద చెయ్యెత్తి నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ. ఒకసారి సీసా పట్టుకెళ్లి, గడియ తిరక్కుండానే తిరిగొచ్చింది. "ఇది మన మందు కాదు నాయనా" అంది. నాన్న సీసా తిప్పి చూశాడు. రంగు అదే, మూత అదే, బిడ్డ అదే. "అదే కదా మామ్మా" అన్నాడు. ఆవిడ వేలు పెట్టి చూపించింది. "మన బిడ్డ కుడిచెయ్యి ఎత్తుతాడు. వీడు ఎడంచెయ్యి ఎత్తాడు." అప్పుడు పేరు చూస్తే మధ్యలో ఒక అక్షరం తేడా! చదువుకున్న నాన్నకి కనబడలేదు, నాకూ కనబడలేదు. నాన్న ఆ డజను సీసాలూ తీసి పెరట్లో గొయ్యి తవ్వి పారబోశాడు. వాటిని మాకు అమ్మిన టోకు వర్తకుడు డబ్బు తిరిగి ఇవ్వనే లేదు. ఆ నష్టం మాకు తీరడానికి రెండు నెలలు పట్టింది. నాన్న దాన్ని గురించి ఎప్పుడూ బాధపడలేదు గానీ, "ఆ మామ్మ చూడకపోతే?" అని మాత్రం చాలాసార్లు అనేవాడు.

ఈ అగ్గిపెట్టెలు మొదట్లో స్వీడన్ నుంచి, జపాన్ నుంచి ఓడల్లో వచ్చేవి. 1920ల మొదట్లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అని ఇద్దరు కుర్రాళ్లు కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకొచ్చారు. వానలు లేని మెట్ట ఊరు, పుల్ల ఆరడానికి అదే మంచిదయింది. పెట్టెలకి బొమ్మ కాగితాలు కావాలి కదా, దాంతో అచ్చు యంత్రాలు వచ్చాయి. ఆ యంత్రాల మీదే తర్వాత క్యాలెండర్లు అచ్చయ్యాయి. మన గోడల మీద లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి అలా శివకాశి నుంచి దిగారు. దానికి ముందు రవివర్మ బొమ్మలు. ఆయన 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టించాక రాజుల ఇళ్లలో ఉండే బొమ్మ మనలాంటి వాళ్ల ఇళ్లకొచ్చింది. ఏడాది తిరిగాక క్యాలెండరు పారేసేవాళ్లం కాదు. కింద తేదీల కట్ట చింపేసి, పైన దేవుణ్ణి పటం కట్టించేవాళ్లం.

ఈ గుడ్డ మూట విప్పండి. జాగ్రత్త, అది అన్నిటికన్నా పాతది. మా నాయనమ్మది. చూశారా, కృష్ణుడు, పక్కన ఆవు, చుట్టూ బంగారు రంగు అంచు. అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాలు. ఇది పూజ కోసం అచ్చువేసింది కాదు. మాంచెస్టరు మిల్లు గుడ్డ తాను మీద అంటించిన కాగితం. ఆ దేశంలో నేసిన బట్ట మన ఊళ్లలో అమ్ముకోవాలంటే దాని మీద మన దేవుడుండాలని వాళ్లకి బాగా తెలుసు. ఎప్పుడూ ఆవు మెడలో గంట చప్పుడు కూడా వినని మనిషి ఎవరో అక్కడ కూర్చుని దీన్ని గీసుంటాడు. అయినా ఆ ఆవు కళ్లు చూడండి.

1921లో విదేశీ బట్టలు తగలబెట్టమని గాంధీగారు పిలుపిచ్చినప్పుడు మా ఊళ్లోనూ మంట వేశారట. నాయనమ్మ తన పెళ్లినాటి చీర కూడా తెచ్చి అందులో వేసింది. ఈ కాగితం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. ఎవరో వేసెయ్యమంటే, "గుడ్డ పరాయిది గానీ కృష్ణుడు మనవాడేగా" అని చెంగున కట్టుకుని ఇంటికొచ్చేసింది. తను పోయేదాకా దేవుడి గూట్లోనే ఉంది ఇది. దీని మీద ఈ మరకలు కుంకుమవి.

ఒక మంట దాటి వచ్చింది కదరా ఇది, నువ్వు ఇంకో మంటలో వేయబోయావు. ఏడవకు, ఊరికే అన్నాను.

ఈ చిన్న సీసా అమృతాంజనం. ఇప్పుడూ దొరుకుతుంది, కొత్తేం కాదు. కానీ దీని వెనక ఉన్న మనిషి మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకి ఊరికే పంచిపెట్టి అలవాటు చేశారు. అంతకంటే మంచి ప్రకటన ఏముంటుంది, నుదుటి మీద రాసి చూపించడమేగా! ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, 1924లో భారతి పత్రిక పెట్టారు. మా అమ్మ తలనొప్పి వచ్చిన ప్రతిసారీ ఈ సీసా కొనేది, ఆంధ్రపత్రిక మాత్రం ఒక్క ముక్క చదవలేదు. అలాంటివాళ్లు ఎంతమంది సీసా రంగు చూసి కొంటే ఆ పత్రిక నడిచిందో! అక్షరం రానివాళ్ల డబ్బులతో తెలుగు అక్షరం బతికింది. దీన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఇంకోటి. 1952 జనవరిలో మొదటి ఎన్నికలు. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. నాకు ఏడెనిమిదేళ్లు. ఇప్పటిలాగా మీటలు లేవు, కాగితం మీద ముద్ర వెయ్యడం కూడా లేదు. నిలబడ్డ ఒక్కొక్కరికీ ఒక్కో ఇనప పెట్టె, దాని మీద వాళ్ల గుర్తు. చీటీ తీసుకెళ్లి నచ్చిన పెట్టెలో వెయ్యడమే. అమ్మ వెళ్లే ముందు ఇంట్లో అందరూ హైరానా పడ్డారు, ఈవిడకి ఏం తెలుస్తుందని. పావుగంటలో నవ్వుతూ తిరిగొచ్చింది. "కాడెద్దులు, కంకీ కొడవలీ, అన్నీ మన కొట్లో బీరువాలోలాగే వరసగా పెట్టారు. దీనికింత హడావిడి ఎందుకు?" అంది. ఎవరికి వేసిందో నాన్నకి కూడా చెప్పలేదు.

రేడియో లైసెన్సు పుస్తకం కూడా ఉంది ఇందులో, పోస్టాఫీసు ముద్రలతో. ఇంట్లో పాట వినడానికి సర్కారుకి ఏటా డబ్బు కట్టేవాళ్లమంటే మీరు నమ్మరు. దాని సంగతి ఇంకోసారి చెబుతాలే, మంట తగ్గుతోంది, ఆ దుంగ ఇటు తొయ్యండి.

అడుగున ఉంది చూశారా, అదీ నాకు కావలసింది. ఎత్తండి. డాల్డా డబ్బా. పసుపు రంగు, మీద పచ్చటి ఈతచెట్టులాంటి చెట్టు. 1937లో వచ్చింది మనకి. డాడా అని హాలండు వాళ్ల పేరు, దాని మధ్యలో లీవర్ కంపెనీ తన అక్షరం ఇరికించి డాల్డా చేసింది. నెయ్యికి బదులా ఇది అని మొదట్లో ముక్కు విరిచినవాళ్లు కూడా డబ్బా కోసం కొన్నారు. డాల్డా అయిపోవచ్చింది, ఖాళీ డబ్బా నాకే ఇవ్వాలి అని ఇరుగుపొరుగువాళ్లు ముందే చెప్పుకునేవాళ్లు. ఒక డబ్బాలో తులసి, ఒక డబ్బాలో నూతి నీళ్లు, ఒక డబ్బాలో బియ్యం. ఏ ఊళ్లో ఏ వంటింట్లో చూసినా అదే పసుపు.

మా వంటింట్లో ఒకే ఎత్తువి పదకొండు ఉండేవి, గూటి మీద వరసగా. అన్నీ ఒక్కలాగే ఉంటే అమ్మకి ఏ డబ్బాలో ఏముందో ఎలా తెలియాలి? పేరు రాస్తే చదవలేదు. ఏం చేసిందో తెలుసా? నేను దాచుకున్న అగ్గిపెట్టె బొమ్మల్లోంచి ఏరి, మైదా జిగురుతో ఒక్కో డబ్బాకి ఒక్కో మార్కు అంటించింది. గుర్రం బొమ్మ ఉన్నదాంట్లో ఉలవలు. ఓడ బొమ్మ ఉన్నదాంట్లో ఉప్పు, సముద్రం కదా. చిలక దాంట్లో ఎండుమిరపకాయలు. కోడిపుంజు దాంట్లో నూకలు. ఎవరూ చెప్పలేదు ఆవిడకి. నేను అడిగితే, "మీ కంపెనీలే పెట్టుకోవాలా మార్కులు?" అంది. ఆవిడ పోయాక కూడా మా చెల్లెలు చాలా ఏళ్లు "చిలక డబ్బా తే" అనే అనేది, డబ్బా మారిపోయినా.

ఇది మిగిలిన ఒక్కటే. బొమ్మ సగం చిరిగింది, అయినా చారలు కనబడుతున్నాయి. పులి. మిగతావాటికి అర్థం ఉంది గానీ దీనికి లేదనుకునేవాణ్ణి. పులి ఏం తింటుంది, మన వంటింట్లో? అందుకే చాలా రోజులు ఆ డబ్బా జోలికే పోలేదు నేను, చెల్లెలైతే ఆ గూటి కిందకే వెళ్లేది కాదు. మా ఇద్దరికీ భయం పెట్టడానికే ఆ బొమ్మ ఎంచుకుందని పదేళ్లు వచ్చాక, ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే పీట వేసుకుని ఎక్కాక తెలిసింది.

సున్నుండలు, అమ్మడూ. పులి కాపలా కాసేది సున్నుండలకి.

మూత బిగుసుకుపోయినట్టుంది, నీ వేళ్లకి రాదు, అన్నయ్యకి ఇవ్వు. పొయ్యి మీది గరిటె కాడ తెచ్చి అంచు కింద పెట్టి పైకి ఎత్తమను. ఇంకాస్త. ఆఁ, వచ్చింది. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టి చూడు.