మధ్యవర్తి లేని తీగ

విశాఖపట్నపు లోపలి రేవు 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అను ఓడ రాకతో సముద్రనౌకలకు తెరువబడినది. డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువలోనికి పెద్ద ఓడ తనంత తాను రాదు. వెలుపలనే ఆగి రేవువారికి కబురు పంపును. పైలట్ ఓడనెక్కి దారి చూపును. ఏ బెర్తున నిలువవలెనో రేవువారే నిర్ణయింతురు. ఇట్టి మధ్యవర్తి లేనిచో ఆ పనులన్నియు ఎవరు చేయుదురు?

ఈ ప్రశ్నయే ఇంటిలోని బల్లపై చిన్న రూపమున ఎదురగుచుండును. విద్యార్థి యొకడు లాప్‌టాప్‌ను, గేమ్ కన్సోల్‌ను ఒకే తీగతో కలుపును. రెండును మంచివే, తీగయు క్రొత్తదే. అయినను ఒకదాని మాట మరొకదానికి వినపడదు. లోపము తెలియవలెనన్నచో, సామాన్యముగా వాని నడుమ నుండు రౌటర్ వంటి పెట్టెలు మౌనముగా చేయు పనులేవో మొదట తెలియవలెను. అందుకు చరిత్రయే దారి చూపును.

అమెరికాలో జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో ఈథర్‌నెట్ పద్ధతిని ప్రతిపాదించెను. అందు యంత్రములన్నియు ఒకే తీగకు తగిలింపబడి, ఒకటి పలికినది అన్నియు వినెడివి. 1990లో మెలిపెట్టిన జంట తీగల పద్ధతి ప్రమాణమైనది. ఇందు ఒక జంట సంకేతములను పంపుటకు, వేరొక జంట అందుకొనుటకు ఏర్పడినవి. నడుమనున్న హబ్ అను పెట్టెలో ఈ జంటలు తారుమారుగా అమర్చబడి యుండుటచే ఒకరి నోరు మరొకరి చెవికి చేరెడిది. పెట్టెను తొలగించి రెండు యంత్రములను మామూలు తీగతో కలిపినచో నోటికి నోరు, చెవికి చెవి తగులును. కనుక ఒక చివర జంటలను మార్చి బిగించిన ‘క్రాసోవర్’ తీగ వాడుకలోనికి వచ్చెను. 2001లో వెలువడిన ఎక్స్‌బాక్స్ కన్సోళ్లు రెంటిని నేరుగా కలుపుటకు ఇట్టి తీగయే వలసివచ్చెను.

తరువాత హ్యూలెట్ పాకర్డ్ సంస్థ ఇంజనీర్లు యంత్రమే స్వయముగా జంటలను మార్చుకొను ఉపాయమును కనుగొనిరి. ఇందొక చిక్కు కలదు. రెండు యంత్రములును ఒకేసారి మార్చుకొన్నచో మరల మొదటి స్థితియే ఏర్పడును. ఇరుకు వాకిట ఎదురుపడిన ఇద్దరు, దారి ఇచ్చుటకై ఇద్దరును ఒకే ప్రక్కకు జరుగుట వంటిది ఇది. అందుచేత ప్రతి యంత్రము క్రమము లేని కాలవ్యవధులలో మార్పును ప్రయత్నించును. త్వరలోనే పొత్తు కుదురును. నేటి యంత్రములలో చాలవానికి ఈ సౌకర్యము కలదు.

మధ్యవర్తి చేయు రెండవ పని చిరునామా నిచ్చుట. 1993లో వెలువడిన డీహెచ్‌సీపీ నియమముల ప్రకారము క్రొత్తగా చేరిన యంత్రము చిరునామా కోరగా రౌటర్ వంటిది దానిని ఇచ్చును. రౌటరే లేనిచో? యంత్రము 169.254తో ఆరంభమగు సంఖ్యలలో ఒకదానిని యాదృచ్ఛికముగా ఎన్నుకొని, ‘ఇది ఎవరికైన కలదా?’ అని విచారించును. జవాబు రానిచో దానిని తనదిగా గ్రహించును. ఈ పద్ధతి 2005లో ప్రమాణమైనది. కనుక తెరపై 169.254 కనబడుట తీగ తెగినదనుటకు గుర్తు కాదు. చిరునామా ఇచ్చువారు దొరకలేదనుటకు గుర్తు.

ఇప్పుడు పరీక్ష సులభము. మొదట తీగ తగిలించుచోట దీపము వెలుగుచున్నదా యని చూడవలెను. వెలుగనిచో తీగనో, జంటలనో అనుమానింపవలెను. దీపము వెలిగినచో చిరునామాలను చూడవలెను. ఒకదానికి 169.254, వేరొకదానికి 192.168 ఉన్నచో రెండును వేర్వేరు వీధులలో నున్నట్లే. అప్పుడు లాప్‌టాప్‌నకు 192.168.50.1, కన్సోల్‌నకు 192.168.50.2 అనియు, రెంటికిని మాస్క్ 255.255.255.0 అనియు చేతితో వ్రాయవచ్చును. కన్సోల్‌నకు ఇంటర్నెట్ కూడ కావలెనన్నచో, లాప్‌టాప్ తన సంబంధమును పంచి, తానే పైలట్ కావలెను. అప్పుడు చిరునామాను కూడ అదియే ఇచ్చును.

చివరిది కాపలా. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ ముందుగానే పనిచేయు స్థితిలో ఉంచబడెను. అట్టి కాపలా ‘పింగ్’ అను పలకరింపును అడ్డగింపవచ్చును. జవాబు రానంతమాత్రమున తీగ చెడినదని తలపరాదు.

ఇది ఆటకు మాత్రమే చెందిన విషయము కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తు, టెలిఫోను సౌకర్యములు దెబ్బతినెను. అట్టి వేళ ముందుగా మూగవోవునవి నడిమి పెట్టెలే. పాఠశాలలో బ్యాటరీతో నడచు రెండు లాప్‌టాప్‌లు, ఒక తీగ మిగిలియున్నచో విద్యార్థుల వివరములను, పాఠములను ఒకదాని నుండి మరొకదానికి చేర్చుకొనవచ్చును. దీపము, చిరునామా, కాపలా అను వరుస తెలిసినవానికి ఆ పని కష్టము కాదు.