అంట్లు తోమే యంత్రం: తప్పు నీటిదా, యంత్రానిదా?



మా అపార్టుమెంటు పై అంతస్తులో ఉండే ఒక కుటుంబం వాళ్ళ డిష్‌వాషర్ ఒకరోజు నీళ్ళు తీసుకోవడం మానేసింది. చూడవచ్చిన మెకానిక్ ఒక్క మర కూడా విప్పలేదు. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందనీ, 9,000 రూపాయలు అవుతుందనీ, పాత యంత్రం మీద అంత పెట్టేకంటే కొత్తది కొనుక్కోవడమే మేలనీ చెప్పి వెళ్ళిపోయాడు. సైన్సు పాఠాలు చెప్పేవాడిని కదా అని ఆ ఇంటి పెద్దాయన నన్ను పిలిచారు. నేను చేసిందల్లా ప్లగ్గు తీసి, కుళాయి కట్టేసి, యంత్రానికి వచ్చే నీటి గొట్టం విప్పి, దాని మొదట్లో ఉండే చిన్న జల్లెడను చూడటం. అది సన్నటి ఇసుకతో పూడుకుపోయి ఉంది. అంతకు వారం ముందే డాబా మీది ట్యాంకు కడిగించారు. జల్లెడ శుభ్రం చేసి బిగించాక యంత్రం మామూలుగా పనిచేసింది.

ఇందులో నా గొప్పతనమేమీ లేదు. డిష్‌వాషర్ చరిత్ర తెలిసినవాళ్ళెవరైనా ముందు నీటి సంగతే చూస్తారు. నీరు చేసిన తప్పును యంత్రం మీదికి నెట్టడం నూరేళ్ళకు పైగా జరుగుతూ వస్తోంది. ఈ పాఠంలో ఆ చరిత్రను చూసి, దాని సాయంతో మన ఇంటి యంత్రాన్ని ఎలా పరీక్షించాలో, బాగుచేయించాలా మార్చాలా అన్నది ఎలా తేల్చుకోవాలో తెలుసుకుందాం.

గిన్నెలు కడగడానికి యంత్రం కావాలన్న ఆలోచన పాతదే. 1850లోనే అమెరికాలో జోయెల్ హౌటన్ అనే ఆయన ఒక చెక్క పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. చేత్తో చక్రం తిప్పితే గిన్నెల మీద నీళ్ళు చిమ్మేది. అంతకు మించి దానివల్ల పెద్ద ప్రయోజనం కనబడలేదు. నిజంగా పనిచేసే యంత్రాన్ని తయారుచేసిన ఘనత జోసెఫిన్ కాక్రేన్‌ది. ఆమె ఇలినాయ్ రాష్ట్రంలోని షెల్బీవిల్ అనే ఊళ్ళో ఉండేది. తరచు విందులు జరిగే ఇల్లు వాళ్ళది. పనివాళ్ళు కడిగేటప్పుడు తాతలనాటి పింగాణీ పళ్ళేల అంచులు విరుగుతున్నాయని ఆమె బాధ. 1883లో భర్త చనిపోయాడు, అప్పులు మిగిలాయి. అంతవరకు ముచ్చటగా ఉన్న ఆలోచన ఆనాటినుంచి బతుకుతెరువుగా మారింది.

ఆమె ఇంజనీరింగు చదువుకున్న మనిషి కాదు. పళ్ళేలు, కప్పులు, సాసర్లు విడివిడిగా కొలిచి, దేనికది సరిగ్గా ఇమిడేలా తీగలతో అరలు చేసింది. ఆ అరలను ఒక చక్రానికి అమర్చి, చక్రాన్ని రాగి బాయిలరులో పడుకోబెట్టింది. చక్రం తిరుగుతుంటే అడుగునుంచి వేడి సబ్బునీళ్ళు ఒత్తిడితో గిన్నెల మీదికి చిమ్ముతాయి. జార్జ్ బట్టర్స్ అనే మెకానిక్ ఆమెకు తోడ్పడ్డాడు. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది.

ఒక విషయం గమనించండి. మనం గిన్నెలను రుద్దుతాం. ఆమె యంత్రం రుద్దదు. గిన్నె తన అరలో కదలకుండా ఉంటుంది, నీటి ఒత్తిడే మురికిని వదిలిస్తుంది. నేటి డిష్‌వాషర్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తోంది. కాబట్టి దానికి కావలసినవి నాలుగే: ఒత్తిడి, వేడి, క్షారం, తగినంత సమయం. గిన్నెలు శుభ్రపడలేదంటే వీటిలో ఏదో ఒకటి తగ్గిందన్నమాట.

క్షారం అనగానే మీకు కొత్తగా అనిపించవచ్చు. మన అమ్మమ్మలు పొయ్యిలోని బూడిదతో అంట్లు తోమినప్పుడు చేసిందీ ఇదే. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. అది జిడ్డుతో కలిసి, అందులో కొంత భాగాన్ని సబ్బుగా మారుస్తుంది. డిష్‌వాషర్ పొడిలో అదే పనిని ఎక్కువగా సోడియం కార్బొనేటు చేస్తుంది.

కాక్రేన్ యంత్రాన్ని హోటళ్ళు కొన్నాయి. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి కూడా వచ్చింది. కానీ ఆమె ఎవరికోసమైతే తలపెట్టిందో ఆ గృహిణులు మాత్రం కొనలేదు. ధర ఎక్కువన్నది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. ఆనాటి ఇళ్ళలోని బాయిలర్లు యంత్రానికి సరిపడా వేడినీళ్ళు ఇవ్వలేకపోయాయి. చాలా ఊళ్ళ నీరు కఠినజలం కావడంతో సబ్బు నురగే వచ్చేది కాదు. హోటల్లో బ్రహ్మాండంగా పనిచేసిన యంత్రమే ఇంట్లో పనికిరానిదైంది. 1913లో ఆమె చనిపోయేనాటికీ ఆ పరిస్థితి పెద్దగా మారలేదు. ఆమె కంపెనీ 1926లో హోబార్ట్ సంస్థ చేతికి వెళ్ళింది. కిచెన్‌ఎయిడ్ పేరుతో ఇళ్ళకోసం డిష్‌వాషర్ వచ్చింది 1949లో.

ఈ మధ్యలో యంత్రం రూపం కూడా మారింది. 1924లో ఇంగ్లండుకు చెందిన విలియం హోవర్డ్ లివెన్స్ ముందు తలుపు, తీగల అర, తిరుగుతూ నీళ్ళు చిమ్మే చెయ్యి ఉన్న చిన్న యంత్రాన్ని రూపొందించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు డబ్బాలను శత్రువుల మీదికి విసిరే ఆయుధాన్ని కనిపెట్టిందీ ఈయనే. కాక్రేన్ యంత్రంలో గిన్నెలు తిరిగితే, ఇందులో నీటి చెయ్యి తిరుగుతుంది.

కఠినజలం సమస్యను రసాయన శాస్త్రం తీర్చింది. ఫాస్ఫేటులు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టి ఉంచుతాయి, గిన్నెల మీద పేరుకోనివ్వవు. 1950ల నాటికి డిష్‌వాషర్ పొడి అంటే ఫాస్ఫేటు ఉన్న పొడే. అయితే ఆ ఫాస్ఫేటులు మురుగుతోపాటు చెరువుల్లో, నదుల్లో చేరి నాచును విపరీతంగా పెంచాయి. ఆ నాచు కుళ్ళినప్పుడు నీటిలోని ఆక్సిజన్ తరిగి చేపలు చచ్చిపోయేవి. అందుచేత 2010 జూలైలో అమెరికాలోని పలు రాష్ట్రాలు డిష్‌వాషర్ పొడుల్లో ఫాస్ఫేటును దాదాపుగా నిషేధించాయి. యూరప్‌లో 2017 జనవరి నుంచి కఠినమైన పరిమితి వచ్చింది.

ఆ తరువాత జరిగిందే మనకు అసలైన పాఠం. 2010లో అమెరికాలో ఎన్నో ఇళ్ళలో గ్లాసుల మీద తెల్లటి పొర కనిపించసాగింది. పొడి మారిందని వాళ్ళకు తెలియదు. యంత్రం పాడైందనుకుని మెకానిక్కులను పిలిచారు. కొందరు కొత్త యంత్రం కొనాలన్న ఆలోచన దాకా వెళ్ళారు. నిజానికి యంత్రాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. నీటికీ పొడికీ మధ్య లెక్క తప్పింది, అంతే.

ఇక మన ఇళ్ళకు వద్దాం. హైదరాబాదులో బోరు నీటి మీద ఆధారపడిన కాలనీల్లో గీజరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు మీరు చూసే ఉంటారు. తాగునీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతోంది. అందుకే చాలా డిష్‌వాషర్లలో అడుగున ఉప్పు వేసే గది ఉంటుంది. అక్కడి రెజిన్ గింజలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. ఆ గింజలను మళ్ళీ సిద్ధం చేసేది ఉప్పునీరు. ఉప్పు అయిపోతే మెత్తని నీరూ ఆగిపోతుంది. అందులో వేయవలసింది డిష్‌వాషర్ కోసం అమ్మే ఉప్పే, వంటింటి ఉప్పు కాదు.

గ్లాసు మీద తెల్లటి పొర ఉందనుకోండి. కాస్త వెనిగర్ రాసి పది నిమిషాలు ఆగండి. పొర పోతే అది సున్నం. ఉప్పు వేసి, కఠినత్వం సెట్టింగు సరిచేస్తే చాలు. పోకపోతే గాజే అరిగింది. నీరు మరీ మెత్తనైనా, పొడి మరీ ఎక్కువైనా అలా జరుగుతుంది. అరిగిన గాజుకు మందు లేదు.

గిన్నెలకు జిడ్డు అలాగే ఉంటే అడుగున ఉన్న ఫిల్టరు తీసి కడగండి. నీళ్ళు చిమ్మే చేతుల రంధ్రాలను వెలుతురుకు ఎత్తి చూడండి. మన వంటల్లోని జీలకర్ర, ఆవాలు, చింతపండు పీచు వాటిలో ఇరుక్కోవడం మామూలే. మామూలు గిన్నెల సబ్బు ద్రవం పోశారేమో కూడా అడగండి. దాని నురగ వల్ల పంపులోకి గాలి చేరి ఒత్తిడి పడిపోతుంది, నురగ తలుపు సందులోంచి బయటికి వస్తుంది.

నీళ్ళు రాకపోతే మొదట కుళాయి, తరువాత జల్లెడ, ఆపైన ఒత్తిడి. ఇక్కడ కొంచెం లెక్క ఉంది. 10 మీటర్ల ఎత్తు నీటి స్తంభం దాదాపు 1 బార్ ఒత్తిడినిస్తుంది. చాలా యంత్రాలు కనీసం 0.5 బార్ అడుగుతాయి, అంటే కుళాయికి 5 మీటర్ల పైన ట్యాంకు ఉండాలి. పై అంతస్తు ఇంట్లో కుళాయికి ట్యాంకు 3 మీటర్ల ఎత్తులోనే ఉంటే దక్కేది 0.3 బార్. అక్కడ చిన్న ప్రెషర్ పంపు కావాలి కానీ కొత్త డిష్‌వాషర్ కాదు.

అడుగున నీళ్ళు నిలిచిపోతే ఫిల్టరు, వంకర తిరిగిన మురుగు గొట్టం, పంపులో ఇరుక్కున్న గాజుముక్క, ఈ వరుసలో చూడాలి. ఫిల్టరు కింద కొద్దిగా నీరు మిగలడం సహజం. తలుపు సరిగ్గా పడకపోతే యంత్రం కదలనే కదలదు. వైర్ల జోలికి, హీటరు జోలికి మాత్రం మీరు వెళ్ళకండి.

ఇవన్నీ చూశాక కూడా లోపం మిగిలితే అప్పుడే బాగుచేయించాలా, మార్చాలా అన్న ప్రశ్న. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటి, యంత్రం ఆయుష్షు కూడా సగం గడిచిపోతే మార్చమని ఒక వాడుక సూత్రం ఉంది. నాకది మొరటు సూత్రం అనిపిస్తుంది. ఇంకా ఎన్నేళ్ళు వస్తుందో అంచనా వేసి, ఏడాదికి ఎంత పడుతుందో లెక్కగట్టండి. ఉదాహరణకు 4,000 రూపాయల పంపుతో యంత్రం మరో నాలుగేళ్ళు నడిస్తే ఏడాదికి 1,000. కొత్తది 40,000 పెట్టి పదేళ్ళు వాడితే ఏడాదికి 4,000. అదే 15,000 రూపాయల బోర్డు వేసి రెండేళ్ళే వచ్చేటట్టయితే ఏడాదికి 7,500. కొత్తది నీళ్ళు ఆదా చేస్తుందన్న మాట ముప్ఫై ఏళ్ళ నాటి యంత్రం విషయంలో నిజం. అమెరికాలో 2013 నుంచే ఒక విడతకు సుమారు 19 లీటర్లు దాటకూడదన్న నిబంధన ఉంది. పదేళ్ళ నాటి యంత్రాన్ని నీటికోసమని మార్చడంలో నాకు అర్థం కనబడదు.

విడిభాగం దొరకకపోతే ఏ లెక్కా పనిచేయదు. యూరోపియన్ యూనియన్ 2021 మార్చి నుంచి డిష్‌వాషర్ పంపులు, మోటార్ల వంటివాటిని కనీసం 7 ఏళ్ళు మరమ్మతుదారులకు, తలుపు రబ్బర్లు, నీటి చేతులు, ఫిల్టర్లను కనీసం 10 ఏళ్ళు వాడుకదారులకు కూడా అందుబాటులో ఉంచాలని నియమం పెట్టింది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అది ఎక్కువగా సమాచారం ఇచ్చే ఏర్పాటు. విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయో కొనేటప్పుడే రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మన పనే.

పై అంతస్తు వాళ్ళ యంత్రం ఆ తరువాత రెండేళ్ళు నడిచింది. పదకొండో ఏట లోపలి స్టీలు తొట్టె అతుకు దగ్గర కారడం మొదలైంది. అది అతికినా నిలిచే చోటు కాదు. ఈసారి నేనే మార్చమన్నాను. పాతది ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి వెళ్ళింది. కొత్తదాని గొట్టంలోనూ అలాంటి జల్లెడే ఉంది. ట్యాంకు కడిగించిన మర్నాడు పెద్దాయన ఇప్పుడు దాన్ని తనే విప్పి చూసుకుంటున్నారు.