తారు పొగా, రోము పద్యాలూ

దుప్పటి కప్పుకో బాబూ, ఇది జంషెడ్‌పూర్ చలి. కుంపటికి మరీ దగ్గరగా జరగకు, నిప్పురవ్వ ఎగిరిందంటే మీ అమ్మ నన్నే అంటుంది.

మా నాన్న పొట్ట చేతపట్టుకుని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్‌లో రైలు దిగేడు. టాటా ఉక్కు కంపెనీలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పని. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలకి ఫ్యాక్టరీ కనపడకూడదని పెద్ద పెద్ద కాగుల్లో తారు మరిగించి పొగ పెట్టేవారు. ఆరేసిన పంచెలు నల్లబడేవనీ, అన్నం కూడా తారు వాసనేసేదనీ నాన్న చెప్పేవాడు. చెప్తూ నవ్వేవాడు. ఊరికి రాసే ఉత్తరాల్లో మాత్రం ఎప్పుడూ ‘ఇచ్చట అందరం క్షేమం’, అంతే.

ఆ నవ్వు గుట్టు నాకు ఓ రోము కవి దగ్గర తెలిసింది. నవ్వకు, నిజమే! 1949లో ఇక్కడ పెట్టిన జేవియర్ సంస్థలో మాలాంటి పనివాళ్ళకి సాయంత్రం క్లాసులుండేవి. అక్కడి ఓ ఫాదర్‌కి లాటిన్ కొట్టిన పిండి. ఓ రోజు పాఠం పక్కన పెట్టి, ఆ రోము కవి వర్జిల్ రాసిన కథ ఎత్తుకున్నాడు. ట్రాయ్ నగరం తగలబడ్డాక ఈనియస్ అనే వీరుడు తనవాళ్ళని తీసుకుని సముద్రం మీద పడతాడు. తుఫానుకి ఓడలు చెల్లాచెదురై, అతనితో మిగిలిన ఏడూ ఆఫ్రికా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. అతను ఏడు దుప్పుల్ని వేటాడి, ఓడకొకటి చొప్పున పంచి, ద్రాక్షసారా కూడా పోయించి, అప్పుడు నోరు విప్పుతాడు: ఈ కష్టాలే ఎప్పుడో ఒకనాడు ముచ్చటగా చెప్పుకుంటాం లెండని. పైకి ఆ ధైర్యమేగానీ లోపలంతా దిగులేనని కవి పక్కనే చెప్పేస్తాడు. ముందు కడుపు చూసేడు, తర్వాత మాట చెప్పేడు. నాకు నచ్చింది అదీ.

కానీ నిజం చెప్పాలంటే ఓవిడ్ అనే మరో రోము కవి నాకు ఇంకా దగ్గరివాడు. క్రీ.శ. 8లో అగస్టస్ చక్రవర్తికి కోపమొచ్చి అతన్ని నల్ల సముద్రం ఒడ్డున టోమిస్ అనే ఊరికి తోలేసేడు. ఆ మనిషి ధైర్యం నటించలేదు. చలి, భయం, ఇంటి మీద బెంగ, అన్నీ పద్యాల ఉత్తరాలుగా రోముకి రాస్తూనే ఉన్నాడు. సొంత భాష మర్చిపోతున్నానని కూడా వాపోయేడు. మరీ ఇంత ఏడుపా అన్నవాళ్ళున్నారు. అననీ. ఇక్కడి బిష్టుపూర్ రామమందిరంలో మన తెలుగు పిల్లలు హిందీలో కబుర్లాడుకుంటుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఆయన్ని తిరిగి రానివ్వలేదు, అక్కడే పోయేడు. ఆ ఊరు ఇప్పుడు రొమేనియాలో కాన్‌స్టాంట్సా. 1887లో అక్కడ ఆయనకి విగ్రహం పెట్టేరు.

రేపు నువ్వు బెంగళూరు ఉద్యోగానికి పోతున్నావు. మా నాన్నలా ‘అందరం క్షేమం’ అని సరిపెట్టకు. కష్టంగా ఉంటే కష్టమనే రాయి. తెలుగులో రాయి. తప్పులుంటే నేను దిద్దుకుని చదువుకుంటాలే.