నంద్యాల రేగడి నేల చెప్పిన పాఠం

ఒక సీమలోని మనుషులకూ నేలకూ గల సంబంధాన్ని పరిశీలించేవారికి మూడు దారులున్నాయి: కొలిచి లెక్కకట్టడం, తిరిగి చూడడం, అడిగి వినడం. వీటిలో ఏ ఒక్కటీ చాలదనడానికి నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు కాలువ చరిత్రే సాక్ష్యం.

తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై కుందూ లోయ గుండా కడప దాకా సాగే కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో తవ్వనారంభించింది. పది లక్షల పౌనుల మూలధనంపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే పూచీ పడింది. గోదావరి డెల్టాలో ఫలించిన ఆర్థర్ కాటన్ ఆలోచన ఇక్కడా ఫలిస్తుందని ఆశించారు. కొలతలు కుదిరాయి, నీరు పారింది... కానీ ఆ నీటిని కొనే రైతులే కరువయ్యారు! చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చింది.

కంపెనీ పద్దులు మాత్రమే చదివినవారికి ఇది రైతు మొండితనంగా తోచవచ్చు. పొలంలోకి దిగి చూస్తే కారణం బోధపడుతుంది. నల్లరేగడి వాన తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి ఆ తేమతోనే పండుతాయి. వానలు కురిసిన ఏడు నీటితీరువా కట్టడం రైతుకు దండగ. 1876-78 నాటి ధాత కరువు వంటి ఆపత్కాలంలోనే ఆ నీటి విలువ తెలుస్తుంది. ఈ సంగతి కొలతగొలుసుకు అందదు. సేద్యగానిని అడిగితేనే తెలుస్తుంది.

ఈ మూడు దారులనూ కలిపి నడిచినవారు మనలో లేకపోలేదు. 1830లో కాశీకి వెళుతూ అహోబిలం, మహానందుల మీదుగా సాగిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీలు, దారుల తీరు, దొరికే సరుకులు అన్నిటినీ నమోదు చేశాడు. 1886లో వెలువడిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు జిల్లా మాన్యువల్‌లో ప్రభుత్వ లెక్కల సరసనే స్థానిక చరిత్ర కూడా చోటు చేసుకుంది.

అయితే 1882 నాటి తీర్పూ శాశ్వతం కాలేదు. ఆ కాలువ కిందనే నేడు సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది; ఒకనాటి జొన్నసీమలో వరి పండుతున్నది. నేల అదే, రైతు అవసరం మారింది. కనుక పరిశీలన ఒక్కసారితో ముగిసేది కాదు.

మన ఊళ్ళ చరిత్ర రాయబూనేవారు లెక్కల పుస్తకంతో పాటు వృద్ధ కృషీవలుని మాటనూ వినాలి. విన్నదానిని తిరిగి లెక్కతో, నేలతో సరిచూడాలి. లెక్కలు దస్త్రాలలో మరికొంతకాలం నిలుస్తాయి. మెట్టసేద్యపు రోజులు ఎరిగిన ఆ తరం మాత్రం మన కోసం ఆగదు.