దివాన్ దేవిడీ వంశం: మీర్ ఆలం నుంచి మూడో సాలార్‌జంగ్ దాకా

ఆసఫ్‌జాహీ పాలనలో సర్వాధికారాలు నిజాం ప్రభువువే అయినా, రాజ్యపు జమాఖర్చులు, సైన్యపు జీతాలు, ఇంగ్లీషువారితో మంతనాలు దివాను చేతుల మీదుగానే సాగేవి. ప్రధానమంత్రితో సమానమైన ఈ పదవిని 1804 నుంచి 1914 వరకు గడిచిన నూట పదేళ్లలో, మధ్యమధ్య విరామాలతో, ఒకే కుటుంబానికి చెందిన ఆరుగురు నిర్వహించారు. పాతబస్తీలో మూసీ దక్షిణపు ఒడ్డుకు చేరువగా ఉన్న వారి నివాసానికి అందువల్లనే దివాన్ దేవిడీ అనే పేరు స్థిరపడింది. దేవిడీ అంటే ఎత్తైన ప్రహరీ, ప్రవేశద్వారాలు, లోపల కొలువు మందిరాలు, అంతఃపురం, తోటలు కలిగిన అమీరుల భవన సముదాయం. ప్రభువు అనుగ్రహం మీద నడిచిన కొలువు క్రమంగా నిబంధనల మీద నడిచే ప్రభుత్వంగా మారిన తీరు ఈ వంశచరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

వంశ ప్రాభవానికి పునాది వేసిన మీర్ ఆలం తండ్రి ఇరాన్‌లోని షుష్తర్ నుంచి వలస వచ్చిన పండితుడు. మీర్ ఆలం కలకత్తాలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ వద్ద నిజాం వకీలుగా, అంటే రాయబారిగా, వ్యవహరించి, 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం సైన్యానికి నాయకత్వం వహించి, 1804లో దివాను అయ్యారు. ఆయన పేరిట వెలసిన చెరువు కట్ట నిర్మాణశాస్త్రపరంగా విశిష్టమైనది: వరుసగా పేర్చిన 21 అర్ధచంద్రాకారపు రాతి గోడలు నీటివైపు ఉబ్బెత్తుగా నిలిచి, నీటి ఒత్తిడిని వాటి మధ్యనున్న దిమ్మెల మీదికి మళ్లిస్తాయి. ఆ గోడలన్నీ కలిసి మరొక పెద్ద వంపుగా సాగడంతో కట్టకు బలం ఇనుమడించింది.

1808లో మీర్ ఆలం మరణించాక ఆయన అల్లుడు మునీరుల్ముల్క్ దివాను అయినా, అసలు పెత్తనం ఆయన కింది పేష్కారు, అంటే ఉపమంత్రి, చందూలాల్‌దే అయింది. ఇంగ్లీషు అధికారుల కింద ఉండే కంటింజెంటు సైన్యపు ఖర్చు, షావుకార్ల వడ్డీలు పెరిగి ఖజానా కుంగిపోయింది. మునీరుల్ముల్క్ కుమారుడు సిరాజుల్ముల్క్ దివానుగా ఉండగా, 1853 మే 21న కుదిరిన ఒప్పందం ప్రకారం బేరార్, రాయచూరు దోఆబ్, ధారాసేవ్ ప్రాంతాలు ఈస్టిండియా కంపెనీ అజమాయిషీలోకి వెళ్లాయి. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన కన్నుమూశారు.

ఆయన సోదరుడి కుమారుడు మీర్ తురాబ్ అలీఖాన్, అనగా మొదటి సాలార్‌జంగ్, 24 ఏళ్ల వయసులో ఆ బరువును తలకెత్తుకున్నారు. అప్పటికి శిస్తు వసూలు గుత్తాదారుల చేతుల్లో ఉండేది. సర్కారుకు ఇంత అని ఒప్పుకున్నవాడు రైతు వద్ద ఎంత పిండుకున్నా అడిగే నాథుడు లేడు. బాకీల కింద ప్రాంతాలను పట్టుకున్న అరబ్బు జమాదారుల నుంచి, షావుకార్ల నుంచి వాటిని ఆయన ఒక్కొక్కటిగా విడిపించి, 1865లో జిలాబందీ పేరిట రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, జిల్లాకు తాలూక్‌దారును, తాలూకాకు తహసీల్దారును జీతం మీద నియమించారు. హాలీ సిక్కా అనే ఏకరూప నాణెం, కేంద్ర ఖజానా, 1868లో న్యాయ, రెవెన్యూ, పోలీసు తదితర శాఖలకు వేర్వేరు మంత్రులు ఈ క్రమంలోనివే. తెలంగాణ పల్లెకు, పట్నానికి మధ్య లిఖితపూర్వకమైన పాలనా సంబంధం ఏర్పడడానికి ఈ సంస్కరణలే బాట వేశాయి.

ఆయన రాజనీతిలోని కఠినమైన పార్శ్వం 1857లో బయటపడింది. జూలై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు సాలార్‌జంగ్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. ఫలితంగా 1860లో రాయచూరు దోఆబ్, ధారాసేవ్ తిరిగి వచ్చాయి, 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. కానీ స్వాతంత్ర్యం కోరి ప్రాణాలొడ్డినవారి త్యాగాన్ని ఆ లాభంతో తూచడం న్యాయం కాదు. బేరార్ కోసం ఆయన జీవితాంతం ప్రయత్నించి, 1876లో ఇంగ్లండుకు వెళ్లి కూడా ఆ కోరిక నెరవేర్చుకోలేకపోయారు. ఆ యాత్రలోనే, ఇటలీలో, బెంజోనీ చెక్కిన ‘మేలిముసుగు రెబెక్కా’ పాలరాతి శిల్పాన్ని సేకరించారు. ముఖం మీది పల్చని వస్త్రం, దాని వెనుక కనురెప్పలు, పెదవుల ఒంపు అన్నీ ఒకే రాతిలో కనిపించడం దాని ప్రత్యేకత. 1869 నుంచి బాలుడైన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తరఫున సహ రీజెంటుగా, అంటే ప్రభువు పెద్దవాడయ్యేవరకు రాజ్యం చూసే పాలకులలో ఒకరిగా, పనిచేసిన ఆయన 1883 ఫిబ్రవరి 8న కలరాతో మరణించారు.

ఆయన కుమారుడు లాయఖ్ అలీఖాన్, అనగా రెండో సాలార్‌జంగ్, 1884లో దివాను అయి మూడేళ్లకే వైదొలగి, 1889లో పుణెలో మరణించారు. అప్పటికి నెల కూడా నిండని ఆయన కుమారుడు యూసుఫ్ అలీఖాన్, మూడో సాలార్‌జంగ్‌గా పెరిగి 1912లో ఆ పదవిని చేపట్టి, 1914లో వదులుకున్నారు. ఆపైన ఏడో నిజాం కొంతకాలం స్వయంగా పాలన సాగించగా, శాఖలు, జిల్లాలు, దఫ్తరాలు యథావిధిగా నడిచాయి. తాత నిర్మించిన వ్యవస్థకు మనుమడి అవసరం లేకపోయింది.

అవివాహితుడైన మూడో సాలార్‌జంగ్ తన సంపదను, కాలాన్ని కళాఖండాలకు, రాతప్రతులకు వెచ్చించి 1949 మార్చి 2న కన్నుమూశారు. ఆ సేకరణతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ ప్రారంభించిన సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1961లో పార్లమెంటు చట్టం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది; 1968లో అది ఇప్పటి భవనంలోకి మారింది. దేవిడీలోని ఐనాఖానా (అద్దాల మందిరం), చీనీఖానా (పింగాణీ మందిరం) వంటివి మాత్రం దక్కలేదు; ఆ స్థలం చాలామటుకు దుకాణాల పాలైంది. వస్తువులను కాపాడిన శ్రద్ధ వాటికి నెలవైన కట్టడం మీద చూపకపోవడం తీరని నష్టం. మిగిలిన ద్వారాలనైనా పరిరక్షించి, ఈ కుటుంబపు పాలనా చరిత్రను మ్యూజియం సేకరణతో జతచేసి బోధించినప్పుడే, హైదరాబాదు ఆధునిక పాలన ఏ ఇంట రూపుదిద్దుకున్నదో, ఎవరి కష్టం మీద, ఎవరి ఓటమి మీద నిలిచిందో రాబోయే తరాలు సమగ్రంగా తెలుసుకోగలుగుతాయి.